గిన్నెడు ఆముదం ఎక్కువ

జుట్టు నెరుస్తున్నా ఆ ఇంట్లో అందరికీ ఆమె చిన్నమ్మాయే. అమ్మానాన్నలు పోయాక అన్నయ్య పంచన చేరింది. కుట్టుపని బాగా వచ్చు. వీధి చివర దర్జీ దుకాణంలో చాలాకాలం మిషను తొక్కింది. వదిన ఇంట్లో సబ్బులు చేసి అమ్మడం మొదలుపెట్టాక అది కాస్తా మానిపించారు.

"మనింట్లో ఇంత పని పెట్టుకుని పరాయివాళ్ళ గుమ్మం తొక్కడమేంటి?" అన్నాడు అన్నయ్య. అన్నం పెట్టే చెయ్యి. మర్నాడు ఆమె దుకాణానికి వెళ్ళలేదు.

అప్పటినుంచి వెనకగదే ఆమె లోకం. కాస్టిక్ సోడా నీళ్ళలో కలపగానే లేచే ఘాటుకు గొంతు పట్టేసేది. చల్లారాక దాన్ని నూనెల్లో పోసి, చిక్కబడేదాకా చెయ్యి ఆపకుండా కలిపి, చివర్లో కాస్త ఆముదం అదనంగా చేర్చేది. సోడా తినగా మిగిలే ఆ నూనే ఒంటిని పొడిబారనివ్వదు. శ్రుతి మించితే మాత్రం సబ్బు గట్టిపడదు, నురగ రాదు, కొన్నాళ్ళకు కంపు కొడుతుంది.

ఒకరోజు దారిలో దర్జీ ఎదురయ్యాడు. "కళ్ళు ఆనడం లేదమ్మా. దుకాణం నువ్వు చూసుకుంటావా?" అని అడిగాడు. ఆమె కాళ్ళు నేలమీద నిలవలేదు. ఇంటికి రాగానే వదినతో చెప్పింది.

వదిన నవ్వేసింది. "నువ్వెళ్తే సబ్బులెవరు చేస్తారే? నా చేతికి కుదిరి చావదుగా!"

తన చేతికీ కుదరకపోతే తననూ వదిలేస్తారేమో! మర్నాడు కొలత చూడకుండా గిన్నెడు ఆముదం గుమ్మరించింది. ఆరబెట్టిన సబ్బుల్ని రోజూ దొంగచాటుగా నొక్కి చూసేది. వేలు మెత్తగా దిగితే లోలోపల మురిసిపోయేది.

వదిన వాటిని పట్టి చూడనైనా లేదు, కాగితాలు చుట్టి అమ్మేసింది. అది చలికాలం. చర్మం పగిలినవాళ్ళు ఎగబడి కొన్నారు.

"ఏం మంత్రం వేశావే? వెన్న రాసుకున్నట్టుందట! అందరూ మళ్ళీ అవే కావాలంటున్నారు," అంటూ వదిన ఆమె భుజాలు పట్టుకుని ఊపేసింది.

చిన్నమ్మాయి ఇక దాచలేకపోయింది. "కావాలనే పాడుచేశాను వదినా. దుకాణానికి పంపించేస్తారని."

వదిన చేతులు జారిపోయాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మేం నీకేం తక్కువ చేశాం?"

నిజానికి ఏమీ తక్కువ చేయలేదు. తిట్టారనో, కడుపు మాడ్చారనో చెప్పుకోవడానికైనా ఉంటే గుమ్మం దాటడం తేలికయ్యేది. "ఏం లేదులే వదినా," అని తనే ఆమె కళ్ళు తుడిచింది.

దర్జీకి రాలేనని కబురు పంపింది. వారం తిరక్కుండా అతను దుకాణం ఇంకొకరికి అప్పగించాడు.

ఒక సాయంత్రం అన్నయ్య సబ్బు కలపడానికి పెద్ద తొట్టి ఒకటి మోసుకొచ్చి, వెనకగది గడపలో ఆయాసపడుతూ నిలబడ్డాడు.

"ఎక్కడ పెట్టమంటావే?"

నడుము వాల్చడానికి గోడవారన పరుచుకున్న చాప చుట్టేసి, చిన్నమ్మాయి అతనికి చోటు చూపించింది.