ఈదమ్మత్త వాగు మడి

నందికొండ కాలనీలో మా ఇంటి ముందు పొద్దున్నే కూరగాయల బండి ఆగుతుంది. ఇవాళ గంగవాయిలు కూర కట్ట ఒకటి అందుకోగానే దాని వేళ్ళకున్న తడిమన్ను నా అరచేతికి అంటింది. పచ్చి ఆకు, వాగు మట్టి కలిసిన ఆ వాసన తగిలితే నాకు ముందు గుండె బిగుసుకుంటుంది, ఆ తరువాతే ఆకలి పుడుతుంది. ఇంత వయసు వచ్చినా ఆ వరుస మారలేదు. "తాజా కూర జూస్తే అందరు మురుస్తరు, నీ మొఖమెందుకత్తా గట్లయితది?" అని మా కోడలు అడుగుతుంది. చెప్పాలంటే ఈదమ్మత్త సంగతి మొదటి నుంచి చెప్పాలి. ఆమెను ఎరిగినవాళ్ళు ఇప్పుడెవరూ మిగల్లేదు. ఆమె కూరగాయల మడి ఉన్న మా ఊరు కూడా సాగర్ నీళ్ళ కిందికి పోయింది.

ఈదమ్మత్తది మా పక్కిల్లు. చుట్టరికం లేదు, ఊరి వరసకు అత్త. మొగుడు చిన్ననాడే పోయాడు, పిల్లల్లేరు. దొర ఉండే గడీ వెనుక వాగు ఒడ్డున ఆమెకు చిన్న మడి ఉండేది. నడి ఎండాకాలంలో కూడా అక్కడ నీరు ఊరేది, అందుకే ఊరంతా ఎండినా ఆ మడి పచ్చగానే ఉండేది. ఏది కాసినా మొదటి కాపు గడీకి వెట్టిగా పోవాలి. బుట్ట నెత్తిన పెట్టుకుని ఆమే మోసుకెళ్ళి ఇచ్చి రావాలి. నా బిడ్డ లచ్చి పుట్టినప్పుడు నాకు పాలు పడలేదు. నాకు తల్లి లేదు. ఆ రోజు ఈదమ్మత్త గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని, గడీ కావలివాడి ముందు నుంచే నడిచి మా ఇంటికి వచ్చింది. మోపు విప్పితే లోపల లేత బీరకాయలు. అవి గడీకి చేరవలసిన మొదటి కాపు. వాడు మోపులో కట్టె గుచ్చి చూసి ఉంటే ఆమె వీపు చిట్లేది. నేను పోయి తలుపు గడియ పెట్టాను. ఆమె మాత్రం పొయ్యి ముట్టించి, పెసరపప్పులో బీరకాయ వేసి వండి, నేను తినేదాకా ఎదురుగా కూర్చుంది. "దొర తింటే వచ్చేదేమీ లేదు. నువ్వు తింటే పిల్లకు పాలొస్తయి," అంది.

లచ్చికి నడక వచ్చిన తరువాత ఊరికి చెడ్డకాలం వచ్చింది. నవాబు రాజ్యం చివరి రోజులవి. నవాబు తరఫు తుపాకుల మనుషులు వచ్చి దొర గడీలో దిగారు. పక్క ఊళ్ళో ఇళ్ళు తగలబెట్టారని తెలిసి మేమంతా ముసలీ ముతకా, పిల్లా జెల్లాతో గుట్టలెక్కి బండల సందుల్లో దాక్కున్నాం. నా మొగుడు కూలికి కృష్ణ దాటి పోయినవాడు ఆ గొడవలు సద్దుమణిగేదాకా తిరిగి రాలేకపోయాడు. ఎండలకు గుట్ట మీద ఒక్క పచ్చని ఆకు లేదు. మోసుకెళ్ళిన జొన్నలతో పూటకింత గట్క వండుకునేవాళ్ళం. కొన్నాళ్ళకు లచ్చి నోరు పూసింది. చిగుళ్ళ వెంట నెత్తురు వచ్చేది. ముద్ద పెట్టబోతే ఏడ్చి తల తిప్పుకునేది. ఈదమ్మత్త దాని నోరు తెరిచి చూసింది.

"దీనికి పచ్చి ఆకు గావాలె," అంది. "మట్టమధ్యాహ్నం గడీల ఉన్నోళ్ళు తిని పండుకుంటరు. గప్పుడు మడికి పోదాం."

బిడ్డను మా అత్తగారికి అప్పగించి ఆమె వెంట దిగాను. వాగు ఇసుక నిప్పులా కాలుతోంది. వంగి వంగి నడిచి మడి చేరాం. గడీ గోడ మీద ఆరేసిన బట్టలు కూడా కనిపిస్తున్నాయి. నేను గంగవాయిలు కూర దొరికింది దొరికినట్టు పీకి ఒడిలో వేసుకుంటుంటే ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ఏర్లతోని పీకకు. రేపేం కోస్తం?" అని గుసగుసగా అంది. రేపు అనే మాట ఆమెకు ఎలా తట్టిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఒడి నిండుతుండగా ఒడ్డు మీది నుంచి రాయి దొర్లింది. తలెత్తితే తుపాకీ పట్టుకుని ఒక పడుచువాడు నిలబడి ఉన్నాడు.

"ఎవరు మీరు? ఊరోళ్ళంతా యాడున్నరు?"

"అందరు ఏరు దాటి పోయిన్రు. మేమిద్దరమే ఉన్నం," అంది ఈదమ్మత్త.

వాడు మా ఒడులు చూశాడు. "ఇద్దరికి గింత కూరనా?"

వాడు గుట్ట వైపు తల తిప్పితే అంతా అయిపోయినట్టే. ఈదమ్మత్త లేచి, తన ఒడిలోని ఆకు వాడికి చూపించింది. "ఇది మీకే. కూర దినక మీకెన్ని దినాలయిందో. నేను వండుత, పా. దీని పిల్ల ఏరవతల ఉంది, దీన్ని పోనియ్యి."

వాడు ఆమెను నడవమని తుపాకీతో సైగ చేశాడు. ఆమె నా పక్క నుంచి పోతూ, ఇంటి దగ్గర చెప్పినంత మామూలుగా చెప్పింది. "ఆకు సన్నగ తరుగు. గట్క దించేముందు వెయ్యి. ఒక్క పొంగు చాలు." మళ్ళీ వెనక్కి చూడలేదు. నేను ఏటి వైపే నడిచాను. వాడి చూపు అందనంత దూరం పోయాక చుట్టు తిరిగి గుట్ట ఎక్కాను.

ఆమె చెప్పినట్టే వండాను. లచ్చి మొదటి రోజు ఉమ్మేసింది, మరునాడు కొంచెం మింగింది. ఆ ఒడి ఆకును తడిగుడ్డలో చుట్టి దాచి దాచి పెట్టాను. అది అయిపోయేలోపే వాన పడి గుట్ట మీద కూడా ఆకు మొలిచింది. బిడ్డ నోరు మానింది. కానీ ఈదమ్మత్త రాలేదు. రోజూ పొద్దున ఎవరో ఒకరు పెద్ద బండ ఎక్కి గడీ వంటింటి పొగ కోసం చూసేవాళ్ళు. పొగ లేస్తే ఆమె బతికే ఉందనుకునేవాళ్ళం. ముసురు పట్టిన రోజుల్లో ఏమీ కనిపించేది కాదు. అయినా తడుస్తూనే బండ ఎక్కేవాళ్ళం.

నవాబు లొంగిపోయాడన్న కబురు రావడంతోనే తుపాకుల వాళ్ళు పారిపోయారు. మేం దిగి వచ్చేసరికి ఈదమ్మత్త తన ఇంటి గడపలో కూర్చుని ఉంది. మనిషి సగమయింది. ముంజేతుల నిండా నూనె చిట్లిన మచ్చలు. వాళ్ళేం చేశారని ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. పొయ్యి మాత్రం ముట్టించలేదు. "పొయ్యి కాడ కూసుంటే గడీల ఉన్నట్టే అయితున్నదే," అంది నాతో. ఎవరైనా గట్క తెచ్చిస్తే రెండు ముద్దలు తిని పక్కన పెట్టేది.

ఒకనాడు నేనే వాగుకు పోయాను. వరదకు మడి గట్లు కొట్టుకుపోయాయి కానీ రాలిన గింజకు తోటకూర తనంతట తాను మొలిచి ఉంది. కోసుకొచ్చి, ఆమె ఇంట్లో ఆమె పొయ్యి మీదే ఎల్లిపాయ వేసి వండి, జొన్నరొట్టె చేసి ఆమె ముందు పెట్టాను. ఆమె ముట్టలేదు.

"నీదేది?" అంది.

"నువ్వు తినత్తా. నేను తర్వాత తింట."

ఆమె పళ్ళెం నా వైపు జరిపింది. "ఇన్ని దినాలు గడీల వండిపెట్టిన. వండినదాన్ని తిన్నవా అని ఒక్కడడగలే. నీది గూడ పెట్టుకో."

పెట్టుకున్నాను. ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. మొదటి ముద్ద నమిలి, "ఉప్పు తక్కువైంది," అంది. నేను ఉప్పు తేవడానికి లేవబోతే చెయ్యి పట్టి కూర్చోబెట్టి, ఆ కూరంతా అలాగే తినేసింది. మరునాడు పొద్దున ఆమె ఇంటి కప్పు మీంచి పొగ లేవడం నేను మా వాకిట్లో నిలబడి చూశాను.

ఇప్పుడు మా ఇంట్లో రొట్టెలు వేడివేడిగా, ఒక్కొక్కటే పెనం మీంచి పళ్ళెంలోకి రావాలని మనవలకు కోరిక. నేను ఒప్పుకోను. రొట్టెలన్నీ అయ్యాక పొయ్యి ఆర్పించి కోడలిని పక్కన కూర్చోబెట్టుకుంటాను. అప్పటికి రొట్టె చల్లారుతుంది, పిల్లలు సణుగుతారు. కోడలు మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాకే నేను చెయ్యి కడుక్కుంటాను.