తాతయ్య స్వెటర్ చెయ్యి, రేసు కారు రెక్క

అమ్మమ్మకి కారు నడపడం రాదు. ముందు సీట్లో కూర్చోబెడితే కళ్ళు గట్టిగా మూసుకుని, దిగేదాకా తెరవదు. అయినా రేసు కార్ల షెడ్డులో తను లేనిదే పని జరగదని ఇంట్లో గొప్పలు పోయేది. మేం సగం నమ్మేవాళ్ళం. తాతయ్య ఆ సగం కూడా నమ్మేవాడు కాదు.

ఆమె పనేమిటంటే, రేసు కారు ఒంటి నిండా ఊలు దారాలు అంటించడం. బెత్తెడు దారం, ఒక కొస కారుకి అంటుకుని ఉంటుంది, రెండో కొస వదులుగా వేలాడుతుంది. తర్వాత కారుని పొడవాటి గదిలో నిలబెట్టి, గోడంత ఫ్యాను తిప్పుతారు. గాలి కంటికి కనపడదు కదా, దారాలు కనపడతాయి. గాలి కారుని రాసుకుంటూ సాఫీగా పోతే దారాలు దువ్విన జుట్టులా పడుకుంటాయి. కారుని వదిలేసి సుడి తిరిగితే లేచి గంతులేస్తాయి. గంతులేశాయంటే అక్కడ డిజైను కుదరలేదన్నమాటే.

అంతకుముందు ఆమె అదే షెడ్డు మేడ మీద డ్రైవర్ల దుస్తులు కుట్టేది. కింద కుర్రాళ్ళు అంటించిన దారాలు ఫ్యాను తిప్పగానే ఊడి గదంతా ఎగురుతుంటే, ఎవరన్నా ఓపికున్న మనిషిని పంపమని కబురొచ్చింది. వెళ్ళిన మనిషి మళ్ళీ మేడెక్కలేదు. అసలు పేరు అందరూ మర్చిపోయి ఊలమ్మ అని పిలవడం మొదలుపెట్టారు.

ఏటేటా పందెం నియమాలు మారేవి. వాటితో పాటు కారూ మారేది. ఒక ఏడాది ముక్కు కిందికి దించేవారు, మరుసటి ఏడాది పైకెత్తేవారు. “మనిషికి ఇన్నిసార్లు ముక్కు మారిస్తే కన్నతల్లి కూడా పోల్చుకోలేదు” అని గొణుక్కుంటూనే అమ్మమ్మ కొత్త ముక్కు మీద దారాలు వరస పెట్టేది.

ఆవిడకి ఉన్నదొకటే బలహీనత. షెడ్డు ఊలు సన్నగా, మెత్తగా, లేత పసుపు రంగులో ముద్దొచ్చేది. మిగిలిన ఉండ చెత్తబుట్టలో ఎందుకు పడాలని సంచిలో పడేసుకునేది. పోను పోను, మిగలని ఉండలు కూడా ఆ సంచిలోకే వచ్చేవి. ఇంట్లో మేజోళ్ళు, మఫ్లర్లు, తాతయ్య స్వెటరు, ఆఖరికి టీ కెటిల్ తొడుగు కూడా పసుపే. అందరం కలిసి వీధిలో నడిస్తే కోడిపిల్లల గుంపు కదిలినట్టు ఉండేది.

ఆ ఏడు కారు వెనక రెక్క మార్చాల్సి వచ్చింది. విమానం రెక్క పైకి లేపుతుంది, రేసు కారు రెక్క కిందికి నొక్కుతుంది. అలా నొక్కబట్టే మలుపులో చక్రాలు నేలని పట్టుకుంటాయి. కొత్త రెక్కని గీసింది షెడ్డులో చేరి ఎంతో కాలం కాని ఒక పొడుగమ్మాయి. దాని చివర్లు పాత రెక్కలా నిటారుగా నిలబడవు, వంపు తిరిగి కిందికి వాలతాయి. అది ఆ పిల్ల మొదటి సొంత డిజైను.

పరీక్ష రోజు పొద్దున్నే ఆ అమ్మాయి వచ్చి అమ్మమ్మ పక్కన నిలబడింది.

“ఊలమ్మగారూ, ఇవాళ దారాలు పడుకోకపోతే పాత రెక్కే బిగిస్తారట. నేను మళ్ళీ బోల్టుల బొమ్మలు గీసుకోవాలి.”

“పడుకోకపోతే జోల పాడతాను. ముందు నువ్వేమైనా తిను. నీ మొహం చూస్తే ఫ్యాను తిరగడానికి కూడా భయపడుతుంది.”

మాటైతే ధీమాగా అంది గానీ, అమ్మమ్మ పెట్టెలో ఊలు తక్కువగా ఉంది. కొత్తగా పుట్టిన మనవరాలి టోపీకి ఒక ఉండ ఖర్చయిపోయింది. ఆ సంగతి ముందురోజే గుర్తొచ్చి, తాతయ్య స్వెటరుకి ఒక చెయ్యి విప్పి, ఆ దారం ఉండ చుట్టి తెచ్చుకుంది. అదే ఊలు, అదే రంగు. ఎవరికి తెలుస్తుందిలే అనుకుంది.

కారు ఒంటికి మంచి ఊలు సరిపోయింది. రెక్క దగ్గరికొచ్చేసరికి అయిపోయింది. స్వెటరు ఊలు ముక్కలు చేసి, ఒక్కోదాన్నీ వేలితో నొక్కి సాపు చేసి, రెక్కంతా అంటించేసింది.

ఫ్యాను తిరిగింది. ముక్కు మీద దారాలు పడుకున్నాయి. పక్కల మీదవీ పడుకున్నాయి. రెక్క మీదవి మాత్రం నిద్రలేచిన పిల్లాడి జుట్టులా నిక్కబొడుచుకుని, మెలికలు తిరుగుతూ ఒకటే గంతులు.

డిజైన్లన్నిటికీ పెద్ద అయిన పెద్దాయన గది అద్దం ఇవతల నుంచి చాలాసేపు చూశాడు. ఆయన చెడ్డవాడేం కాదు గానీ, మాటలు పొదుపు. “గాలి రెక్కని వదిలేస్తోందమ్మా. విప్పేయండి” అన్నాడు. పొడుగమ్మాయి తన కాగితాలు చుట్టేసుకోవడం మొదలుపెట్టింది. మొహంలో నెత్తుటి చుక్క లేదు.

పాపం పిల్ల, ఎంత కష్టపడిందో అనుకుంటూ అమ్మమ్మ టీ గదిలోకి వెళ్ళి కెటిల్ స్విచ్చి వేసింది. అప్పుడే ఫోన్ మోగింది. తాతయ్య.

“ఏమేవ్, నా స్వెటరుకి ఒక చెయ్యే ఉందేంటి?”

“ఇంకోటి ఇక్కడుంది లెండి. రాత్రికి వేరే అల్లిపెడతాను.”

“అక్కడ నా చేతికేం పని?”

“ఏం పనేంటి, రెక్క మీద కూర్చుని గంతు...”

అల్లి విప్పిన ఊలు! తడిపి, బరువు కట్టి ఆరబెడితే తప్ప ఆ మెలిక పోదని ఆమె ఎందరికి చెప్పలేదు? గంతులేస్తున్నది గాలి కాదు, తాతయ్య చెయ్యి.

“ఏమైందే? పలకవేంటి?” అని తాతయ్య అరుస్తూనే ఉన్నాడు. ఆమె ఫోన్ పెట్టేసింది.

నిజం చెబితే ఏళ్ళ తరబడి సంచిలోకి జారిన ఉండలన్నీ బయటపడతాయి. రేపట్నుంచి రావద్దంటే? ఇంట్లో కూర్చుని తాతయ్యతో రోజంతా వాదించడం తల్చుకుంటేనే నీరసం వచ్చింది. గోడ అవతల నుంచి రెక్క మరలు విప్పుతున్న చప్పుడు వినిపించింది. ఇక ఆగలేక పరిగెత్తింది.

“ఆపండి! ఆ రెక్క తప్పేం లేదు. అది మా ఆయన చెయ్యి!”

మరలు విప్పేవాడు స్పానరు వదిలేశాడు. పెద్దాయన కళ్ళజోడు తీసి ఆమెను చూశాడు.

“ఊలమ్మగారూ, కాసేపు కూర్చోండి. మంచినీళ్ళు తాగుతారా?”

“నాకు పిచ్చి పట్టలేదు నాన్నా!” అని, టోపీ దగ్గర్నుంచి స్వెటరు దాకా, మేజోళ్ళు, కెటిల్ తొడుగుతో సహా గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. చెప్పి, దెబ్బ తినడానికి సిద్ధపడ్డ పిల్లలా తల దించుకుంది.

పెద్దాయన రెక్క మీంచి ఒక దారం పీకి, లాగి వదిలాడు. అది స్ప్రింగులా ముడుచుకుంది.

“మంచి ఊలు ఇంకేమన్నా ఉందా?”

అమ్మమ్మ సంచిలోంచి చంటిదాని టోపీ తీసింది. అది పూర్తవడానికి ఇంకొక్క వరసే మిగిలి ఉంది. ఆ కొస లాగుతుంటే ప్రాణం గిలగిల్లాడింది గానీ చెయ్యి ఆగలేదు. “దీనికీ మెలికే. కానీ ఇంకా ముక్కలు కాలేదు గనక లాగి పట్టుకోవచ్చు. ఆరబెట్టే టైము లేదు, ఆవిరి పట్టాలి. కెటిల్ మరుగుతూనే ఉంది, పదండి.”

టీ గదిలో ఒక కొస పెద్దాయన పట్టుకున్నాడు, రెండో కొస పొడుగమ్మాయి. మధ్యలో అమ్మమ్మ కెటిల్ ఎత్తి, దారం కింద ఆవిరి పట్టిస్తూ అటూ ఇటూ నడిచింది.

“గట్టిగా లాగండి పెద్దాయనా! గాజుబొమ్మని పట్టుకున్నట్టు పట్టుకుంటారేం?”

“చెయ్యి కాలుతోందండీ.”

“కాలనివ్వండి. నా కడుపు అంతకంటే కాలుతోంది.”

దారాలు చల్లారాక మళ్ళీ అంటించింది. ఊలు తప్పు ఊలుదే, నిజమే. కానీ రెక్కలో కూడా తప్పుంటే? ఫ్యాను మొదలైంది. అమ్మమ్మ కారు ముందు సీట్లో కూర్చున్నట్టే కళ్ళు మూసేసుకుంది.

ఎవరో ఆమె చెయ్యి నొక్కారు. “ఊలమ్మగారూ, చూడండి” అంది పొడుగమ్మాయి.

తెరిచి చూస్తే, రెక్క మీద దారాలన్నీ పడుకుని ఉన్నాయి. వంపు తిరిగిన చివర్ల దగ్గర కూడా ఒక్కటి లేవలేదు. అమ్మమ్మ ఉన్నచోటే నేల మీద కూలబడి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. పొడుగమ్మాయి కూడా వచ్చి పక్కనే కూలబడి, అమ్మమ్మ భుజం మీద వాలిపోయింది.

“రెక్క ఉంటుంది” అన్నాడు పెద్దాయన. రెండడుగులు వేసి మళ్ళీ తిరిగాడు. “మీరూ ఉంటారు. ఇక్కడి ఊలు కావాలంటే అడిగి తీసుకెళ్ళండి. ఇంటి ఊలు మాత్రం ఇక్కడికి తేకండి.”

సాయంత్రం గుమ్మంలోనే తాతయ్య ఎదురొచ్చాడు, ఒంటిచేతి స్వెటరుతో.

“నా చెయ్యేది?”

“ఊడింది” అని, అమ్మమ్మ చెప్పులైనా విప్పకుండా కుర్చీలో వాలిపోయింది. “నా ఉద్యోగం మాత్రం ఊడలేదండీ!”