ఎర్ర పీలిక

పోయిన నెలలో మా అమ్మ పుట్టింటి ఊరి నించి ఇద్దరు సంఘపెద్దలు తాడేపల్లిగూడెం వచ్చి, మా వరండాలో కూర్చుని, కాఫీ తాగి, వచ్చిన పని చెప్పడానికి ముప్పావుగంట తీసుకున్నారు. మా వైపు మర్యాద అలాంటిది. ముందు ఎండల సంగతి, తర్వాత నా షుగరు సంగతి, ఆ తర్వాత మా వీధి కుక్కల సంగతి అయ్యాక పెద్దాయన గొంతు సవరించుకుని, "మీ మావయ్యగారి పేరున చర్చి పక్కన మందుల గది కట్టామండి. గోడకి రాయి పెడుతున్నాం. దాని మీదికి నాలుగు ముక్కలు మీరు రాసిపెట్టాలండి. మేనల్లుడు, పైగా తెలుగు మాస్టారు. మీకంటే ఎవరు రాస్తారు?" అన్నారు. అలాగేనండి అన్నాను. వాళ్ళు వెళ్ళాక కాగితం, కలం తీసుకుని కూర్చుంటే చెయ్యి కదల్లేదు. ముప్పైరెండేళ్ళు పిల్లల చేత వ్యాసాలు రాయించినవాణ్ణి, నాలుగు ముక్కలకి నాలుగు వారాలు పట్టింది.

మా చిన్నమావయ్య కొల్లేటి మధ్యన ఒక లంక ఊళ్ళో పుట్టాడు. అక్కడి పిల్లలకి నేల మీద నడక, పడవ మీద నిలబడటం ఇంచుమించు ఒకేసారి వస్తాయి. ఏలూరులో మిషను స్కూలు చదువు అయిందనిపించి, ఇంట్లో చెప్పాపెట్టకుండా మిలటరీలో చేరిపోయాడు. అక్కడివాళ్ళు ఆయన్ని గాయాలకి కట్లు కట్టే పనిలో పెట్టారు. అది చాలదన్నట్టు విమానంలోంచి దూకడం కూడా నేర్పించారు. బంగ్లాదేశ్ యుద్ధంలో వీపుకి పారాషూటూ, పొట్టకి మందుల సంచీ కట్టుకుని దూకాడు. ఆ సంగతి విని మా అమ్మమ్మ, "దింపమని మర్యాదగా అడిగితే దింపరా? దూకడం ఎందుకురా?" అందిట. సెలవుకి వచ్చినప్పుడు ఒక పక్కకి వాల్చి పెట్టుకునే వంకాయరంగు టోపీ చూడటానికి పక్క లంకల నించి జనం వచ్చేవారు. అత్తయ్య మాత్రం, "ఆకాశంలోంచి దూకారు గానీ, అటకెక్కి ఆవకాయ జాడీ దింపమంటే కళ్ళు తిరుగుతాయండి ఈయనకి" అని అందరి ముందూ నవ్వేది.

యుద్ధం గురించి ఆయన చెప్పింది చాలా తక్కువ. ఒక్క మాట మాత్రం నాకు రెండు మూడుసార్లు చెప్పాడు. "దెబ్బలు తగిలినవాళ్ళ మధ్యకి వెళ్ళినప్పుడు అరిచేవాడి దగ్గరికి పరిగెత్తకూడదురా. అరుస్తున్నాడంటే వాడికి ఊపిరుందన్నమాట. నోరెత్తకుండా కూర్చున్నవాడి దగ్గరికి ముందెళ్ళాలి." ఈ మాట నేను క్లాసులో పిల్లలకి నా సొంత మాటలా చెప్పి మెప్పు కూడా పొందాను.

పింఛను మీద ఇంటికొచ్చాక పట్నం ఆసుపత్రుల్లో ఉద్యోగాలకి రమ్మన్నా వెళ్ళలేదు. లంకలోనే ఉండిపోయాడు. పొద్దున్నే ఇంటింటికీ తిరిగి తాగే నీళ్ళు కాచారా లేదా అని మూత తీసి చూసేవాడు. ఆయన కేక వినబడితే చాలు, ఆడవాళ్ళు గబగబా గిన్నె పొయ్యి మీద పెట్టేసేవారు. ఎవరికైనా చెయ్యి విరిగితే చేపలు పట్టే మావులు అల్లే వెదురు బద్దలు పెట్టి కట్టి, పడవెక్కించి, ఏలూరు పెద్దాసుపత్రి దాకా తోడెళ్ళేవాడు. పాము కరిచినవాళ్ళూ, నొప్పులు పడుతున్నవాళ్ళూ, ఎవరైనా సరే అంతే. "డాక్టరు గారూ" అంటే మాత్రం కోపం. "నేను డాక్టర్ని కాదండి. డాక్టరు దగ్గరికి బతికుండగా చేర్చేవాణ్ణి" అనేవాడు. ఊరు ఆ మాట చెవిన పెట్టకుండా మిల్ట్రీ డాక్టరు గారనే పిలిచింది. నాకు ఆయనంటే గర్వమే గానీ, అది సభల్లో చెప్పుకునే గర్వం. ఎప్పుడైనా నన్ను చూడటానికి బురద కాళ్ళతో, డెట్టాలు వాసనతో మా స్కూలు స్టాఫురూముకి వస్తే మాత్రం, తొందరగా టీ కొట్టుకి తీసుకుపోయేవాణ్ణి. సిగ్గు లేకుండా ఇదీ చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇక ముందు చెప్పబోయేవాటితో పోలిస్తే ఇది చాలా చిన్నది.

రెండువేల దశకం మధ్యలో ఒక వానాకాలం. అప్పటికి కొల్లేట్లో ఎటు చూసినా చేపల చెరువుల గట్లే. తమ్మిలేరు, బుడమేరు తెచ్చిన నీళ్ళకి ఆ గట్ల మధ్య దారి దొరక్క ఊళ్ళ మీదికి ఎక్కేశాయి. తమ్ముణ్ణి చూసొస్తానని లంకకి వెళ్ళిన మా అమ్మని వెనక్కి తీసుకురావడానికి వెళ్ళి, నేనూ అక్కడే చిక్కుపడిపోయాను. మూడోరోజుకి ఊరంతా చర్చి డాబా మీదికి చేరింది. జ్వరాలు, విరేచనాలు, కూలిన ఇళ్ళ కింద పడి తగిలిన దెబ్బలు. ఉన్నది ఒకే ఒక్క ఇంజను పడవ. ఎనిమిది మందికి మించి ఎక్కితే మునుగుతుంది. డాక్టరూ జీపూ ఉన్న రోడ్డు దాకా, తెగిన గట్లన్నీ చుట్టుకుని వెళ్ళి రావడానికి రెండు గంటలు పడుతుంది.

మావయ్య క్రిస్మస్ నాటకానికి తెరగా కట్టే ఎర్రగుడ్డా, అత్తయ్య పసుపు చీరా, తన తెల్ల పంచే తెచ్చి పీలికలుగా చింపాడు. చీర కొత్తదని అత్తయ్య గొణిగితే "పసుపుది ఇంకోటి లేదే" అన్నాడు. ఒక్కొక్కరి నాడి చూసి, కళ్ళు చూసి, పొట్ట నొక్కి, చేతికి ఒక పీలిక కట్టాడు. ఎర్రవాళ్ళు ముందు పడవలో, పసుపువాళ్ళు ఆ తర్వాత, తెల్లవాళ్ళు అందరికంటే ఆఖర్న. మా అమ్మ పొద్దుటి నించీ ఆయాసం, గుండె మంట అని డాబా అంతా వినబడేలా మూలుగుతోంది. మావయ్య ఆవిడ గుండె మీద గొట్టం పెట్టి రెండు నిమిషాలు విని, తెల్లది కట్టాడు. "సొంత అక్కకి తెల్ల పీలికా!" అని అమ్మ ఇంకాస్త గట్టిగా ఏడ్చింది.

గోడకి ఆనుకుని ఒక చెరువు కాపలాదారు కూర్చుని ఉన్నాడు. నేను ఆ చుట్టుపక్కల పనిచేసిన రోజుల్లో అతని కూతురు నా దగ్గర చదువుకుంది. గట్టు మీది కాపలా పాక కూలి దూలం డొక్కలో తగిలింది. రక్తం లేదు, ఏడుపు లేదు. పక్కన భార్య. నన్ను చూసి లేవబోయాడు కూడా, "మాస్టారూ, ఇటు కూర్చోండి, అక్కడ తడిగా ఉంది" అని. మావయ్య అతని పొట్ట నొక్కి చూశాడు. ముఖంలో ఏదో మారింది. ఎర్రది కట్టాడు, రెండు ముళ్ళు వేసి.

అంతలో అవతలి పేటలో ఉండిపోయిన ఒకామెకి నొప్పులొచ్చాయని కబురొచ్చింది. నడుములోతు నీళ్ళలోకి దిగబోతూ మావయ్య నన్ను పిలిచాడు. "నీకు ఒక్కటే పని. పడవ రాగానే ఎర్రవాళ్ళని ఎక్కించు. ఎవరి పీలిక వాళ్ళ చేతికే ఉండాలి. నేను తిరిగొచ్చేదాకా నువ్వు మీ అమ్మ కొడుకువి కాదు, తెలిసిందా?" అన్నాడు. తెలిసిందన్నాను.

పడవ వచ్చింది. ఏడుగురు ఎక్కారు. ఎనిమిదో చోటు కాపలాదారుది. మా అమ్మ నా చొక్కా పట్టుకుని, "నా ప్రాణం పోతోందిరా, నన్ను ఇక్కడే చంపేస్తావా?" అని గోల. పడవతన్ని అడిగాను. "ఎర్రది ఉంటేనేనండి. మిల్ట్రీ డాక్టరు గారి మాట" అన్నాడు. అప్పుడు నేను కాపలాదారు ముందు గొంతుక్కూర్చున్నాను. నా గొంతు అంత మెత్తగా ఎప్పుడూ లేదు. "ఏవండీ, ఏమీ అనుకోకండి. అమ్మకి బొత్తిగా ఊపిరాడట్లేదండి. మీకేం ఇబ్బంది లేకపోతే, తర్వాతి పడవలో వస్తారా?" అన్నాను.

భార్య అతని మొహంలోకి చూసింది. అతను నవ్వాడు. "అయ్యో, అంత మాటా మాస్టారూ! అమ్మగారు పెద్దవారు. ముందు ఆవిణ్ణి పంపండి" అని చెయ్యి చాపాడు. ముడి నేనే విప్పాను. గట్టి ముడి, గోళ్ళతో చాలాసేపు పీకితే గానీ రాలేదు. ఆ చెయ్యి చల్లగా ఉంది. చల్లగా ఉందని నాకు తెలిసింది కూడా. వానకేమోలే అనుకున్నాను. దాన్ని తెచ్చి, అమ్మ చేతికున్న తెల్లది తీసి కట్టి, పడవెక్కించాను.

ఈ ఘట్టం గురించి చాలా ఆలోచించాను. నేను దబాయించి లాక్కుని ఉంటే అతను ఒప్పుకునేవాడు కాదేమో, భార్య అరిచేదేమో, నలుగురూ అడ్డుపడేవారేమో. నేను బతిమాలాను. పిల్లకి చదువు చెప్పిన మాస్టారు వచ్చి "ఏవండీ" అని బతిమాలితే, మా గోదావరి వైపు మనిషి ప్రాణం పోతున్నా కాదనడు. అది నాకు తెలుసు. తెలిసే మెత్తగా అడిగాను. మర్యాదని కత్తిలా వాడటం ఎలాగో ఆ రోజు నాకు బాగా వచ్చింది.

గంట తర్వాత మావయ్య వచ్చాడు. అవతల పేటలో ఆడపిల్ల పుట్టిందని అందరికీ చెబుతూ మెట్లెక్కాడు. గోడవైపు చూసి ఆగిపోయాడు. "వీడి పీలికేదిరా?" అన్నాడు. "ఊడి పడిపోయినట్టుంది మావయ్యా" అన్నాను. ఆయన అతని నాడి పట్టుకుని కూర్చుని, తల తిప్పకుండా, నాకు మాత్రమే వినబడేలా అన్నాడు: "నేను కట్టిన ముడి ఊడదురా." అంతే. రెండో పడవలో అతని తల తన ఒళ్ళో పెట్టుకుని తనే వెళ్ళాడు. రోడ్డు కనబడుతుండగా అతను పోయాడు. అప్పటికి రోడ్డు మీద మా అమ్మకి డాక్టరు గ్యాస్ అని చెప్పి, ఒక బిళ్ళ మింగించి, టీ తాగించి కూర్చోబెట్టారు.

జరిగింది అమ్మకి తెలియదు. తెల్లది తీసి తమ్ముడే ఎర్రది కట్టమన్నాడనుకుంది. అలా అని నేనే అబద్ధం చెప్పాను. నీళ్ళు తగ్గాక తాడేపల్లిగూడెంలోనూ, ఏలూరులోనూ, బంధువులందరికీ "ఎంతైనా రక్తసంబంధం. అంతమందిలో నా తమ్ముడు నన్నే ముందు పంపించాడు" అని మురిసిపోతూ చెప్పింది. ఆ మాట తిరిగి తిరిగి లంకకే చేరింది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక చర్చిలో పెద్దలు మావయ్యని నిలబెట్టి అడిగారు. కాపలాదారు అన్నదమ్ములు ఒక పక్కన, అతని భార్య ఆడవాళ్ళ వరసలో, చూసిపోదామని వెళ్ళిన నేను మూడో బెంచీ మీద. "సొంత అక్క కోసం మావాణ్ణి ఆపేశారండి. ముప్పై ఏళ్ళు చేసిందంతా ఇందుకేనా?" అన్నారు వాళ్ళు.

మావయ్య నా వైపు ఒక్కసారి చూశాడు. కోపంగా కాదు. పరీక్షలో పిల్లవాడు జవాబు చెబుతాడేమోనని నేను ఎదురుచూసేవాణ్ణే, అలా చూశాడు. నేను పాటల పుస్తకంలో పేజీలు తిప్పాను. ఆయన మళ్ళీ వాళ్ళవైపు తిరిగి, "పీలికలు కట్టింది నేనండి. బాధ్యత నాది. క్షమించండి" అన్నాడు. ఆ మాటకి ఆడవాళ్ళ వరసలోంచి కాపలాదారు భార్య తలెత్తి నన్ను చూసింది.

తర్వాత చాలా నెలలు ఊళ్ళో సగం ఇళ్ళు ఆయనకి తలుపు తీయలేదు. నీళ్ళు కాచారా అని అడిగితే "మాకు తెలుసులెండి" అన్నారు. అయినా తిరగడం మానలేదు. మెల్లగా మళ్ళీ పిలిచారు, పాము కరిస్తే ఇంకెవరిని పిలుస్తారు? నాలుగైదేళ్ళకి ఆయన పోయినప్పుడు సమాధి దగ్గర నన్నే మాట్లాడమన్నారు. త్యాగం, సేవ అంటూ ఇరవై నిమిషాలు మాట్లాడాను. అందరూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను. చెప్పాల్సిన ఒక్క మాట తప్ప అన్నీ చెప్పాను. బతికుండగా ఆయన నా దగ్గర ఆ ఊసెత్తలేదు. మా అమ్మ కూడా ఏమీ తెలియకుండానే పోయింది.

రాయి మీదికి మాటలు రాక, పోయిన శుక్రవారం ఏలూరు బస్సెక్కి, అక్కడ ఆటో మారి, లంకకి వెళ్ళాను. కాపలాదారు భార్య వాకిట్లో పీట వేసుకుని రొయ్యలు ఒలుస్తోంది. నన్ను చూసి లేచి, చేతులు కడుక్కుని, కుర్చీ వేసి, "రండి మాస్టారూ, ఎండన పడి వచ్చారు" అంది. మజ్జిగ ఇచ్చింది. గ్లాసు కింద పెట్టి, ఇన్నాళ్ళూ గొంతులో ఉన్నదంతా చెప్పేశాను. ఆమె చూసిందే అయినా మొదటి నించీ చెప్పాను. చెయ్యి చల్లగా ఉన్న సంగతి కూడా.

ఆమె మళ్ళీ పీట మీద కూర్చుని రొయ్య చేతిలోకి తీసుకుంది. "ఆ వేళ చర్చిలో మీరే లేచి చెబుతారనుకున్నానండి. నా నోటితో నలుగుర్లో అంటే మాస్టారికి చిన్నతనం కదా అని ఊరుకున్నాను" అంది.

"మా మావయ్యని అన్ని మాటలు అంటుంటే కూడానా అమ్మా?"

"ఆయనే వద్దన్నారండి. ఆ సాయంత్రమే ఇంటికొచ్చారు. 'వాడే చెబుతాడమ్మా, చెడ్డవాడు కాదు, కాస్త టైమివ్వండి' అన్నారు." రొయ్య పెంకు తీసి పక్కన వేసింది. "మొదట్లో ఎదురుచూశానండి. ఆదివారం ఎవరైనా కొత్తవాళ్ళొస్తే మీరేమో అనుకునేదాన్ని. తర్వాత పిల్ల పెళ్ళి, పనులు. మానేశాను."

క్షమించానని ఆమె అనలేదు. నేనూ అడగలేదు. మెత్తగా అడిగితే కాదనలేదని తెలుసు కనక అడగలేదు.

సంఘపెద్దలు నాలుగు ముక్కలు అడిగారు. నేను రాసింది ఇది. రాయి పెట్టే ముందు, ఈ ఆదివారం ఆ చర్చిలోనే నిలబడి చదువుతాను. మావయ్య నా కోసం అడిగింది కాస్త టైము. పదిహేనేళ్ళ పైన వాడుకున్నాను, అందులో ఒక్క రోజు కూడా నాది కాదు.