గలిలయ ఒడ్డున నా దొంగ ఉపవాసం

మన పేగుల మెలికలు సైతం ఎరిగిన దేవునికి స్తోత్రం.

ఆ రోజుల్లో, అంటే బందరు కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుగా కొత్తగా చేరినప్పుడు, నాకు లోకంలో ఒక్కటే భయం: మధ్యలో ఆగని బస్సు. గుడివాడ వెళ్ళాలన్నా ముందురోజు సాయంత్రం నుంచే తిండి మానేసేవాణ్ణి. (తిన్న వెంటనే కడుపు పట్టుకుని పరిగెత్తించే ఆ జబ్బుకు డాక్టరుగారు ఐబీఎస్ అని పేరు చెప్పారు. పేరు తెలిశాక కూడా పరుగు తగ్గలేదు.) అలాంటివాణ్ణి మా చర్చి సంఘంవాళ్ళతో కలిసి యెరూషలేము యాత్రకు బయలుదేరాను. అక్కడ రోజంతా బస్సులోనే. పొద్దున్నే హోటల్లో అందరూ రొట్టెలు తింటుంటే నేను మంచినీళ్ళు తాగి కూర్చునేవాణ్ణి. రెండోరోజు పాస్టరుగారు అది గమనించి, బస్సెక్కగానే మైకులో "తమ్ముడు ఉపవాస ప్రార్థనలో ఉన్నాడు, తినమని ఎవరూ బలవంతం చెయ్యకండి" అని చెప్పేశారు. నేను కాదనలేదు. కాదంటే కారణం చెప్పాలి, అదీ మైకులో. ఇక నా ఎదుట ఎవరూ బిస్కట్ ప్యాకెట్టయినా విప్పలేదు. ఉపవాసం మనుషులకు కనబడేలా చెయ్యకూడదని సండే స్కూల్లో పిల్లలకు చెప్పేవాణ్ణి నేనే.

మూడోరోజు గలిలయ సముద్రం ఒడ్డున అందరూ చేపల భోజనానికి వెళ్తే, అవనిగడ్డ పెద్దమ్మ (సంఘమంతటికీ ఆవిడ పెద్దమ్మే) నా పక్కన కూర్చుంది. ఇంటికి వెళ్ళగానే ఆవిడకు కడుపులో గడ్డ ఆపరేషను.

"తలమీద చెయ్యిపెట్టి ప్రార్థన చెయ్యి నాయనా. నీ ప్రార్థన తోడుంటే ధైర్యంగా వెళ్తాను."

ఇక దాచలేకపోయాను. "పెద్దమ్మా, నాది ఉపవాసం కాదండి. తింటే బస్సులో ఆగలేను, అంతే."

"తెలుసులే. మూడ్రోజుల్నించీ నీ వెనక సీటేగా నాది. గైడు ఊరిపేరు చెప్పేలోపే దిగి పరిగెడుతున్నావు."

"మరి నన్నెందుకు అడిగారు?"

"ఉపవాసాలుండేవాళ్ళు మన బస్సులో బోలెడుమంది. కడుపు బాధ తెలిసినోడివి నువ్వేగా."

చెయ్యిపెట్టి మొదలుపెట్టాను. నాలుగు మాటలు కాకముందే కడుపు మెలిపెట్టింది. నా గొంతులో తేడా ఆవిడ పట్టేసింది. కళ్ళు తెరవకుండానే, "ఆమేన్ నేను చెప్పుకుంటాలే, నువ్వెళ్ళు" అంది.

ఆపరేషను తర్వాత ఆవిడ చాలా ఏళ్ళు బతికింది. ఇప్పుడు నా జుట్టు నెరిసింది, నొప్పి మాత్రం ఇంకా కుర్రదే. బాగుచెయ్యమని అడిగి అడిగి అలిసిపోయాను. ఆ సగం ప్రార్థనను దేవుడు విన్నాడన్నది తలుచుకుంటే మాత్రం నాలో నేనే నవ్వుకుంటాను. చదువుతున్న మీరూ ఒక్క నిమిషం కళ్ళు మూసుకోండి. ఈ పూట ఏదో ఒక బస్సులో, ఎవరికీ చెప్పుకోలేక చెమటలు పట్టి కూర్చున్నవాళ్ళ కోసం నాతో కలిసి ప్రార్థించండి.