ఒక మంద, నాలుగిండ్లు

ఆత్మకూర్ దగ్గర గొర్ల కాపరుల సంఘానికి ఆన్‌లైన్ ఫారం చేసిచ్చే పని నాకు బేరంలనే దొరికింది. వారం పడుతదని చెప్పి, సంఘం పెద్ద మొహం చూసి నాలుగు రోజులకు దిగిన. లోపల అనుకున్నది మూడే. దుకాణంల పెరిగినోళ్లకు గీ తెలివికేం తక్వ లేదు.

ఫారం చిన్నది. మంద నంబరు ఎంచుకొని, యజమాని పేరు కొట్టి సేవ్ చేసుడే. ఆ జాబితా చూసే గొర్లకు చిటుకు రోగం టీకాలేస్తరు. పేరు లేకుంటే సూది లేదు. రెండు రోజులు కూసొని అందరి పేర్లు నేనే ఎక్కించిన.

టీకాల పొద్దున దొడ్డి కాడ పశువుల డాక్టరు జాబితా చదివిండు. ఒక అవ్వ పేరు రాలే. ఆమెకున్నయే పన్నెండు గొర్లు. పోయిన వానకాలం ఇదే రోగానికి సగం గొర్లు పోగా మిగిలినయట.

"నువ్వు రాయించుకోలేదేమో అవ్వా," అన్న.

"నీ ముందట కూసుంటి, నీ చేతులతోనే కొడితివి. అప్పుడే సచ్చిపోతినా నేను?"

ల్యాప్‌టాప్ తెరిచి ఆమె పేరు మళ్ల కొట్టిన. సేవ్ అయిందని పచ్చగ వచ్చింది. గర్వంగ చూపించిన. పక్కన నిలబడ్డ మనిషి వంగి చూసి మెల్లగ అడిగిండు, "మరి నా పేరేది?"

లేదు. నిమిషం కిందట ఉండె. అతని పేరు కొట్టిన. అవ్వ పేరు మాయమైంది. ఇద్దరి మంద నంబర్లు చూసిన.

"మీ ఇద్దరికీ ఒక్కటే మంద నంబరేంది?"

"మంద ఒకటే గద," అన్నది అవ్వ. "నాలుగిండ్ల గొర్లు కలిపే తోలుతం. ఇంటికో కాపరిని యాడికెల్లి తెస్తం?"

"ఎవరివేవో ఎట్ల తెలుస్తది?"

"చెవులకు కోత ఉంటది, ఇంటికో తీరు. రెండు రోజులు ఈడనే ఉంటివి, చూడలేదా బిడ్డా?"

చూడలే. నాకు తెలిసిన లోకంల దుకాణానికి ఒక్కడే సేటు. అందుకే డేటాబేస్‌ల మందకు యజమాని గడి ఒక్కటే పెట్టిన. కొత్త పేరు రాంగనే అది పాత పేరును తుడిచి ఆ జాగల కూసుంటది, పైగా సేవ్ అయిందంటది. పరీక్ష చేసినప్పుడు కూడా మందకు ఒక్క పేరే ఇచ్చుకున్న, తప్పెట్ల దొరుకుతది? రెండు రోజులు నేను పేర్లు ఎక్కించలే, తుడుచుకుంట కూసున్న.

"ఎండెక్కితే మందు పాడైతది. అరగంట," అన్నడు డాక్టరు. గంట అడగాలె. బేరానికి దిగలే.

యజమాని గడిని మంద నుంచి తీసి వేరే టేబుల్ చేసిన. మంద కింద ఎన్ని వరుసలైనా రావచ్చు, వరుసకో ఇల్లు. ఫారంను కూడా అట్లనే మార్చిన. పోయిన పేర్లు మాత్రం ఎక్కడా లేవు. అవ్వ ఒక్కో గొర్రె చెవి పట్టుకొని ఇల్లు చెప్పింది, నేను కొట్టిన. మిగతా మందలోళ్లు ఎనక వరుస కట్టిన్రు.

జాబితా డాక్టరుకు చూపబోతే అవ్వ ఆపింది. "ముందు చదువు."

నాలుగు పేర్లు చదివిన.

"మూసి తెరిచి మళ్ల చదువు."

తెరిచిన. నాలుగూ ఉన్నయి. అప్పుడు గాని దొడ్డి తడిక తియ్యలే ఆమె.