మూడు మిక్సీలూ, రెండు టార్చిలైట్లూ

ఉదయం ఆరున్నరకు చెన్నైలో నన్ను రైలెక్కించింది మా అక్క ఫోను. "ఒరే, నువ్వేం చేస్తావో వచ్చి నువ్వే చెప్పుకో. నేను చెప్పలేక చస్తా ఉండా," అంది. ఆమె కాపురం గూడూరు అవతల, కోట అనే ఊరి దగ్గర సముద్రం ఒడ్డు పల్లెలో. బావ చేపల వేటకు పోతాడు. తమ్ముడు కరెంటు మీద పెద్ద పరిశోధన చేస్తున్నాడని అక్క అక్కడ గొప్పగా చెప్పుకుంది. చిక్కల్లా అక్కడే వచ్చింది.

గూడూరులో దిగి, కారం దోసె తిని, కోట బస్సెక్కాను. మీరు వెళితే టిఫిను గూడూరులోనే కానివ్వండి. ఆ తర్వాత ఆకలేస్తే రొయ్యల చెరువులు చూస్తూ కూర్చోవాల్సిందే. బస్సు దాదాపు ఖాళీ. కాళ్లు చాపుకుని హాయిగా కునుకు తీశాను. కోట నుంచి ఊరికి షేర్ ఆటో.

పదకొండుకు అక్క ఇంటికి చేరేసరికి అరుగు మీద మూడు మిక్సీలు, వాటి వెనక వాటి యజమానురాళ్లు.

"బాగుచేయడం నాకు రాదమ్మా," అన్నాను.

"మరి ఇన్నేళ్లు ఏం సదివినావబ్బయ్యా?" అంది పక్కింటి రవణమ్మత్త.

అక్క మొహం మాడిపోయింది. ఊళ్లో ఆమె పరువు ఇక నా చేతిలోనే ఉంది.

అందరినీ గదిలోకి పిలిచి, తలుపులు మూసి, రెండు టార్చిలైట్లు ఒకదానికొకటి అడ్డంగా వేశాను. ఒక వెలుగులోంచి ఇంకో వెలుగు దూసుకుపోయి గోడ మీద పడింది.

"ఏమైంది?" అంది రవణమ్మత్త.

"ఏమీ కాలేదు. చూడాల్సింది అదే."

మామూలు వెలుగులు ఒకదాన్నొకటి పట్టించుకోవనీ, బలం విపరీతంగా పెరిగినచోట మాత్రం తగులుకుంటాయనీ, అక్కడ పాత సూత్రాలు చాలవు గనక కొత్తవి రాయడమే నా పని అనీ చెప్పాను.

"అయితే గట్టి టార్చి తెచ్చుకోవాల్సింది," అందామె.

అంత గట్టి టార్చి ఏ అంగట్లోనూ దొరకదు. ఎవరి మిక్సీ వాళ్లు ఎత్తుకుపోయారు. మధ్యాహ్నం చేపల పులుసు అమృతంలా ఉంది గానీ, అక్క వడ్డించేసి నా మొహం చూడకుండా లోపలికి పోయింది. నాకు చాలా బాధేసింది.

నాలుగింటికి కోటలో తిరుగు బస్సు. గూడూరులో పనుందని అక్కా వచ్చింది. బస్సు కిక్కిరిసిపోయింది. ఎవరిదో మోచెయ్యి నా డొక్కలో, నా సంచి ఎవరి వీపు మీదో.

"పొద్దున ఖాళీ బస్సులో ఎవరి దోవ వాళ్లదే అక్కా. ఇప్పుడు కదిలితే తగులుతున్నాం. వెలుగు కూడా ఇంతే," అన్నాను. అక్క మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

కాసేపటికి పక్కన నిలబడ్డ పెద్దావిడ ఆమెను అడిగింది. "ఈ అబ్బాయి నీకేమైతాడు? ఏం జేస్తాడు?"

"మా తమ్ముడు," అంది అక్క. "ఖాళీ బస్సులో మనిషికి మనిషి తగలడు గదా? వెలుగూ అంతే. మరీ కిక్కిరిస్తే వెలుక్కి వెలుగు తగులుకుంటది. ఆ తగులుకునేదానికి లెక్క రాస్తాడు."

పెద్దావిడ తలూపింది. "కరెంటు పనన్నమాట. మా మిక్సీ తిరగడంలా, చూస్తాడా?"

"వాడికి రాదు," అంది అక్క, ఎంత గర్వంగానో. గూడూరు వచ్చేదాకా నా డొక్కలో మోచెయ్యి ఉన్న సంగతే గుర్తురాలేదు.