చిన్న దెబ్బకు కొత్త పేరు

మందమర్రి నుంచి రామగుండం రైల్లో వెళ్ళాలనుకునేవాళ్ళకు ముందే ఒక మాట. ఏ ఊరికి వెళ్తారో టిక్కెట్టు మీద ఉంటుంది గానీ ఎప్పుడు చేరతారో ఉండదు. ఈ లైను మీద బొగ్గు బండి ఇంటల్లుడు, మనమెక్కే ప్యాసింజరు పాలేరు. అల్లుడొస్తుంటే పాలేరు పక్కకు జరగాల్సిందే. కాబట్టి నీళ్ళ సీసా, తినడానికి ఏదన్నా, కాస్త ఓపిక వెంట పెట్టుకోండి. ఆ రోజు మేం మూడూ ఇంట్లోనే మరిచిపోయాం.

ఆ రోజు నా బిడ్డకు చెవులు కుట్టించాలి. మా అక్క సరోజన గోదావరిఖని నుంచి ముందురోజే వచ్చింది. బావ రాజయ్య భూగర్భ గనిలో కార్మికుడు. మొదటి షిఫ్టు దిగి సాయంత్రానికి వస్తానన్నాడు. పది దాటాక అక్క ఫోను మోగింది. చేసింది ఖాజా, అదే గనిలో ఫిట్టరు.

"వదినె, రాజన్నకు చిన్న దెబ్బ తాకింది. పైకప్పు బండ ఊడి పడ్డది. ఫికర్ చెయ్యకు. దవాఖానకు రాండ్రి."

"రైలుకొస్తం," అంది అక్క. అంతలోనే ఫోను కట్టయింది. మళ్ళీ చేస్తే స్విచ్చాఫ్. బావకు చేద్దామంటే గనిలోకి ఫోను తీసుకుపోనివ్వరు, అది పైన పెట్టెలో పడి ఉంటుంది.

మా బొగ్గుబాయిల దగ్గర 'చిన్న దెబ్బ' అంటే ఎవరూ నమ్మరు. వేలు నలిగినా చిన్న దెబ్బే, మనిషి పోయినా చిన్న దెబ్బే. విన్నవాళ్ళు దారిలోనే కూలిపోకూడదని కబురు చెప్పేవాళ్ళు అలా అంటారు. మా నాన్నకు కూడా చిన్న దెబ్బే తాకిందన్నారు. ఇప్పుడాయన గోడ మీద దండలో ఉన్నాడు. అమ్మ వెళ్ళి ఆ గోడకు ఆనుకుని కూర్చుంది.

"ఇంకెవలకన్న ఫోన్ చేద్దామా అక్కా?"

"ఎవలకు చేసినా గదే పాట పాడుతరు. నడువు."

రైల్లో కిటికీ పక్కన చోటు దొరికింది. అక్క కొంగును పిండుతూనే ఉంది, నీళ్ళు కారతాయేమో అన్నట్టు. ఏడో తరగతిలోనే బడికీ నాకూ చెడింది. నాకు తెలిసిన పనులు రెండే: పంక్చర్లు వేయడం, మాటలు పుట్టించడం. రైల్లో మొదటిది కుదరదు.

"అక్కా, నీ పరేషాన్ మొత్తం గా కొంగుల ముడెయ్యి. దాన్ని పరేషాన్‌పొట్లం అంటరు. దవాఖాన దాక ఇప్పద్దు."

"ఎవలంటరు?"

"ఇప్పటిసంది మనమంటం."

"నీ తలకాయ. ముడేస్తే ఊకుంటదారా అది?" అంది. అంటూనే ముడి వేసింది.

మంచిర్యాల దాటి గోదావరి వంతెనకు కాస్త ముందు బండి ఆగింది. పక్క లైనులో బొగ్గు బండి మొదలైంది. డబ్బా తర్వాత డబ్బా, దానికి తోక ఉందో లేదో తెలియదు. చెమటతో చొక్కా సీటుకు అతుక్కుపోయింది. నీళ్ళమ్మేవాడు కూడా మా డబ్బాలోకి రాలేదు. ఔటర్ సిగ్నల్ దగ్గర కూర్చుని పళ్ళు కొరకకుండా ఉండటానికి 'ఔటరోపిక' అని పేరు పెట్టాను. అక్క నా వైపు తిరగలేదు.

ఎదుటి సీట్లో ఉన్న ముసలాయన మాత్రం నవ్వాడు. గని నుంచి రిటైరైన కార్మికుడు, మాటకు ముందో దగ్గు, వెనకో దగ్గు. "ఔటరోపికనా? మంచిగున్నది పిలగా. నేను పింఛన్ కోసం గదే చేసిన," అన్నాడు. ఎక్కడికని అడిగితే చెప్పాను. ఆయన నవ్వు ఆపి అక్క వైపు వంగాడు.

"ఇంటికి జీపొచ్చిందా బిడ్డా?"

"రాలే కాకా."

"రాలేదు గద? ఐతె మనిషున్నడు. పోతె గిట్ల రైలెక్కనిస్తరా? లీడర్ను ఎక్కిచ్చి జీపు తోలుతరు."

ఆ మాట నిజం. నాన్నప్పుడు జీపే వచ్చింది. ముందు సీట్లోంచి యూనియన్ లీడర్ దిగాడు, కండువాతో ముఖం తుడుచుకుంటూ. అక్కకు అది గుర్తుంది కాబోలు, పొద్దుటి నుంచి మొదటిసారి కాళ్ళు చాపి కూర్చుంది. కాక ఇచ్చిన జామకాయ సగం తిని, సగం నాకిచ్చింది. బండి కదిలింది. గోదావరిలో నీళ్ళు తక్కువ, ఇసుక ఎక్కువ. వంతెన మీద ఎవరో రూపాయి బిళ్ళ విసిరారు. మేం అదీ మరిచిపోయాం.

రామగుండంలో దిగి స్టేషను బయటికొచ్చాం.

ఎదురుగా జీపు.

ముందు సీట్లోంచి దిగింది ఆ లీడరే. జుట్టు నెరిసింది గానీ కండువా అదే. "రా చెల్లె, జీపెక్కు. చిన్న దెబ్బనే," అన్నాడు.

అక్క మెట్ల మీద కూలబడింది. ఆయన బతిమాలుతున్నాడు, డ్రైవరు తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డాడు. నేనేదో ఒకటి అనాలి. పొద్దుటి నుంచి మాటల దుకాణం తెరిచినవాణ్ణి, ఆ క్షణాన షట్టరు దించుకుని నిలబడ్డాను.

అక్కే కొంగు చేతిలోకి తీసుకుంది. ముడిని పళ్ళతో ఇంకాస్త బిగించింది.

"తమ్మీ, పొట్లం ఇంకా ఇప్పలే నేను. గా జీపెక్క. ఆటో మాట్లాడు."

స్టేషను నుంచి గోదావరిఖనికి షేర్ ఆటోలు చాలానే ఉంటాయి. నిండేదాకా కదలవు, అందుకని మొత్తం ఆటో మాట్లాడాను. దారి పొడవునా టిప్పర్లు, దూరంగా కరెంటు ప్లాంటు పొగగొట్టాలు, నోట్లో దుమ్ము. వెనకాలే జీపు. మేం ఆగితే ఆగుతుంది, కదిలితే కదులుతుంది. ఆటో డ్రైవరు అద్దంలో చూసి చూసి ఇక ఆగలేక అడిగేశాడు.

"అన్నా, జీపెందుకు ఎంబడి పడ్డది? ఏం జేసిన్రు?"

"పెండ్లికూతురు పారిపోతుంది, పట్టుకపోనీకి."

డ్రైవరొక్కడే నవ్వాడు.

దవాఖాన వరండాలో, వార్డుకు ఇంకా దూరం ఉండగానే ఒక గొంతు వినిపించింది. "చాయ్ తెమ్మంటె గీ నీళ్ళెక్కడియిరా ఖాజా?" అక్క నడక ఆగిపోయింది. మళ్ళీ ఆ గొంతే ఏదో తిట్టింది. అక్క గోడ పట్టుకుని నిలబడి కొంగు ముడి విప్పింది. గట్టిగా బిగించింది కదా, చాలాసేపు రాలేదు.

బావకు మోకాలి కింద ఎముక విరిగింది. పిండికట్టు వేశారు. ఆపరేషను లేకుండానే అతుక్కుంటుందన్నారట.

"ఏందే, మొఖం గట్ల పెట్టినవ్?"

"జీపొచ్చింది," అంది అక్క.

బావ ముఖం పాలిపోయింది. బండ పడ్డప్పుడు కూడా అంత పాలిపోయి ఉండదు. "జీపు పంపినవా ఖాజా?"

ఖాజా నెత్తి కొట్టుకున్నాడు. "వదినెకు ఆటోల తక్లీఫైతదని పంపిన. లీడర్‌సాబ్ ఎవలినో చూడనీకి ఈడికే వచ్చిండె, జీపు ఖాళీగ ఉండె. యా అల్లా, గది యాదికే రాలే. ఫోన్ల చార్జింగ్ సుత అయిపాయె."

మా వెనకాలే వచ్చిన లీడర్ గుమ్మంలోనే నిలబడిపోయాడు. "మంచికొచ్చినా నన్ను జూసి ఏడుస్తరు. గీ మొఖం ఏస్కొని యాడికి పోవాలె చెల్లె?"

అక్క మంచం అంచున కూర్చుంది. "ఇగ చిన్న దెబ్బ అనుడు బంద్. నిజంగ చిన్నదైతె ఇంకో మాటనాలె."

"ఏమనాలె?" అన్నాడు బావ.

అక్క కట్టు మీద వేలితో టకటకా కొట్టింది. బావ అబ్బా అన్నాడు. "పండుగకు నూనెల కాల్చే సకినం లెక్క పటుక్కున ఇరిగింది గద. సకినదెబ్బ అనాలె."

ఖాజా పకపకా నవ్వాడు. బావ నవ్వితే కాలు కదిలి, నవ్వుతూనే మూలిగాడు. నర్సు వచ్చి అందరినీ తిట్టింది. లీడర్ కూడా మాటను నోట్లోనే అనుకుని చూశాడు, మూతి వంకరపోయింది.

"నేను గది అనలేను చెల్లె. చావు కబురు మోస్కపోయేటోనికి నోట్లె పట్టది."

"అందుకే," అంది అక్క.

అక్క బావ దగ్గరే ఉండిపోయింది. సాయంత్రం గోదావరిఖని బస్టాండులో నేను మంచిర్యాల బస్సెక్కాను. అక్కడ దిగి మందమర్రి బస్సు పట్టుకోవాలి. రైలుకన్నా ఇదే నయం, మారాలి గానీ ఎక్కడా అల్లుళ్ళు అడ్డం రారు. రెండో షిఫ్టు గనిలోకి దిగిపోయింది కాబట్టి సీటూ దొరికింది. ఈ దారిలో చూడదగ్గవి చాలా ఉన్నాయంటారు. నేను చూసింది ఆటో అద్దంలో జీపును మాత్రమే. ఒళ్ళంతా పంక్చరైనట్టుంది, కళ్ళు మూతపడుతున్నాయి.

ఫోను మోగింది. నా భార్య లావణ్య. మధ్యాహ్నం దవాఖాన నుంచి నేనే చేశాను, అలవాటు కొద్దీ 'చిన్న దెబ్బనే' అనేసి పెట్టేశాను.

"నిజం చెప్పు. అత్తమ్మ పొద్దటిసంది గోడకానుకొనే ఉన్నది. నీళ్ళు సుత ముట్టలే, నన్ను పొయ్యి ముట్టియ్యనియ్యలే."

"సకినదెబ్బ," అన్నాను.

"ఏందీ?"

"కాలు సకినం లెక్క ఇరిగిందట. సకినదెబ్బ. అక్క పెట్టింది పేరు. బావ చాయ్ బాగలేదని ఖాజాను తిడుతుండు."

అవతల దూరంగా అమ్మ గొంతు, "ఏమంటుండు వాడు?" లావణ్య ఆ మాట చెప్పింది. మొదటిసారి అమ్మకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పింది. అప్పుడు వినిపించింది నవ్వో, ఏడుపో. ఆ బస్సు మోతలో తేల్చుకోలేకపోయాను.

లావణ్య మళ్ళీ ఫోన్లోకి వచ్చింది.

"జల్ది రా. పొయ్యి ముట్టిస్తున్న."